మాతృత్వంలో స్మృతి సాధన

మాతృత్వంలో స్మృతి సాధన అంటే పసిబిడ్డ ఏడుపు, తెగిన నిద్ర, సగంలో ఆగిన పని వంటి రోజువారీ ఆటంకాలనే ధ్యాన విషయాలుగా తీసుకునే పద్ధతి. ఆ క్షణంలో ఒంట్లో, మనసులో జరుగుతున్నదాన్ని తల్లి ఎరుకతో గమనిస్తుంది. ఈ మార్గాన్ని ఇంటింటికీ అందించినవారిలో రంగూన్‌లో (నేటి యాంగోన్) ధ్యానం నేర్చిన దీపా మా (1911–1989) ముఖ్యులు.

నేపథ్యం

రంగూన్‌లోని బహాన్ ప్రాంతపు ధ్యాన కేంద్రంలో 1949 నుంచి బౌద్ధ గురువు మహాసీ సయాడో, భిక్షువులతో పాటు గృహస్థులకూ విపశ్యన ధ్యానం నేర్పారు. ఊపిరికి పొట్ట లేవడం, దిగడం గమనించాలి. మధ్యలో చప్పుడైతే ‘వింటున్నాను’ అనుకోవాలి. చిరాకు పుడితే దాన్నీ అలాగే గుర్తించాలి. ఈ పద్ధతిలో అంతరాయం కూడా సాధనలో భాగమే.

దీపా మా

అసలు పేరు నానీ బాల బారువా. చిట్టగాంగ్ ప్రాంతంలో పుట్టారు. పన్నెండో ఏట పెళ్లయింది, తర్వాత రంగూన్‌లో కాపురం. ఇద్దరు పసిబిడ్డలను పోగొట్టుకున్నారు. 1950లో పుట్టిన కూతురు దీప పేరు మీదే ఆమె ‘దీపా మా’ అయ్యారు. 1957లో భర్త పోయారు, ఆరోగ్యం దెబ్బతింది. ఆ దుఃఖంలోనే ధ్యానం వైపు తిరిగి, గురువు మునీంద్ర ప్రోత్సాహంతో మహాసీ కేంద్రంలో సాధన చేశారు. 1967లో కూతురితో కలకత్తా చేరి, చిన్న ఇంట్లోనే గృహిణులకు బోధించారు.

ఆచరణ

పిల్లల పెంపకంతో తీరిక లేని ఒక తల్లికి దీపా మా ఇచ్చిన సాధన ఇది: బిడ్డకు పాలిస్తున్నంతసేపూ బిడ్డ పాలు తాగడాన్నే పూర్తి ధ్యాసతో గమనించడం. విడిగా సమయం అక్కర్లేదు. గిన్నెలు తోముతున్నా, బట్టలు మడతపెడుతున్నా ఇలాగే చేయవచ్చు. బిడ్డ ఏడ్చినప్పుడు బిగుసుకున్న భుజాలను, పొంగుకొస్తున్న కోపాన్ని ముందు గుర్తించిన తల్లికి, కసురుకునేలోపు ఒక్క క్షణం వెసులుబాటు దొరుకుతుంది. పదిరోజుల ధ్యాన శిబిరానికి వెళ్లలేని బాలింతకు ఇదే అందుబాటులో ఉండే దారి.

వ్యాప్తి

1979లో అమెరికాలో జాన్ కబాట్-జిన్ స్మృతి సాధనతో ఒత్తిడి తగ్గించే శిక్షణను ఆసుపత్రిలో మొదలుపెట్టారు. ఆ నమూనాపై మంత్రసాని నాన్సీ బార్డాకీ 1998లో గర్భిణులకు, కొత్త తల్లిదండ్రులకు తరగతులు ప్రారంభించారు.

పరిమితులు

సాధన వైద్యానికి ప్రత్యామ్నాయం కాదు, ఇంటి పనిలో భర్త, అత్తమామలు పాలు పంచుకోవడానికీ కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం కాన్పైన స్త్రీలలో సుమారు 13 శాతం మంది మానసిక రుగ్మతకు, ముఖ్యంగా కుంగుబాటుకు లోనవుతారు. దిగులు రోజుల తరబడి వదలకపోతే డాక్టరును కలవాలి. భారత్‌లో టెలీ మానస్ ఉచిత నంబరు 14416.