‘బలహీన అభ్యర్థి’ అని ఎవరిని అంటున్నాం? 1967, 1969 రాష్ట్రపతి ఎన్నికలు చెప్పే సంగతులు

ఎన్నికల కాలంలో ఆదివారం ఆరాధన ముగిసి, గేటు దగ్గర చెప్పులు వేసుకునేలోగా ఒక మాట తప్పకుండా చెవిన పడుతుంది: “ఈసారి అవతలి పక్షంలో సరైన మనిషే లేడు.” కురుపాం మార్కెట్ దగ్గర టీ తాగేవాళ్ళూ అదే అంటారు. అమెరికాలో ఉన్న మన పిల్లలు ఫోన్‌లో అక్కడి సంగతులు చెబుతూ అదే అంటారు. ఉదారవాదులకు సంప్రదాయవాద అభ్యర్థులందరూ తేలికవాళ్ళుగా కనబడతారు. సంప్రదాయవాదులకు ఉదారవాదులూ అంతే.

ఈ మాట ఎంతవరకు నిలుస్తుందో అమెరికా చరిత్రే చెబుతుంది. 1980లో రోనాల్డ్ రీగన్‌ను సినిమా నటుడని చాలామంది ఉదారవాదులు తీసిపారేశారు. ఆయన 50 రాష్ట్రాల్లో 44 గెలిచారు. 2012లో రిపబ్లికన్ అభ్యర్థుల వరస బలహీనంగా ఉందన్నారు. ఆ ఏడాది మిట్ రామ్నీ నిజంగానే ఓడిపోయారు. 2016లో ఆ పార్టీ నుంచి పేరున్నవాళ్ళే 17 మంది పోటీకి దిగితే నవ్వుకున్నారు. ఆ 17 మందిలో ఒకరైన డొనాల్డ్ ట్రంప్ అధ్యక్షుడయ్యారు. ఒకే రకం అంచనా ఒకసారి నిజమైంది, రెండుసార్లు తప్పింది.

దీన్ని అర్థం చేసుకోవడానికి అంత దూరం పోనక్కరలేదు. మన దేశంలో రెండు రాష్ట్రపతి ఎన్నికల్లో మితవాద పక్షాల అభ్యర్థుల మీద అభ్యుదయవాదులు ఇలాంటి తీర్పులే చెప్పారు. ఆ రెండింటిలోనూ ముందు వరుసలో నిలబడినవాళ్ళలో మన తెలుగువాళ్ళున్నారు.

రాష్ట్రపతి ఎన్నిక మనకెందుకు?

“రాష్ట్రపతికి మనం ఓటు వెయ్యం కదా” అంటారు. నిజమే. రాజ్యాంగం 54వ అధికరణం ప్రకారం ఎన్నికైన పార్లమెంటు సభ్యులు, శాసనసభ్యులు మాత్రమే ఓటు వేస్తారు. శాసనమండలి సభ్యులకు ఓటు లేదు. ఓటు రహస్యం. పార్టీలు విప్ జారీ చెయ్యకూడదు. ఓటరు అభ్యర్థుల పేర్ల ఎదురుగా 1, 2, 3 అని తన ప్రాధాన్యం రాస్తాడు. మొదటి ప్రాధాన్య ఓట్లలో ఎవరికీ సగానికి మించి రాకపోతే, చివరనున్నవారిని ఒక్కొక్కరిగా తప్పించి, వారి ఓట్లలోని తర్వాతి ప్రాధాన్యాలను మిగిలినవారికి కలుపుతారు.

అయినా ఆ పదవి మన సంఘాల ఇళ్ళలోకి వస్తూనే ఉంది. దళిత క్రైస్తవులకు షెడ్యూల్డ్ కులాల హోదా లేకుండా చేసినది 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వే. దాన్ని 1956లో సిక్కుల కోసం, 1990లో బౌద్ధుల కోసం సవరించారు. రాష్ట్రపతి మంత్రివర్గం సలహా మీదే సంతకం చేస్తారు, కాని ఆ సంతకం కింద బతికేది మనం. ప్రతి ఆదివారం అధికారుల కోసం ప్రార్థన చేస్తున్నప్పుడు ఆ పేరు ఎలా వచ్చిందో తెలుసుకోవడం మంచిది.

1967: న్యాయమూర్తి అభ్యర్థి అయినప్పుడు

1967 మే నెలలో సర్వేపల్లి రాధాకృష్ణన్ పదవీకాలం ముగిసింది. 1931 నుంచి 1936 వరకు మన ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు ఉపాధ్యక్షులుగా ఉన్నది ఆయనే. కాంగ్రెస్ ఉపరాష్ట్రపతి జాకీర్ హుస్సేన్‌ను నిలబెట్టింది. స్వతంత్ర పార్టీ, జనసంఘ్ సహా పలు ప్రతిపక్షాలు కోకా సుబ్బారావును నిలబెట్టాయి.

సుబ్బారావు 1902లో రాజమండ్రిలో పుట్టారు. ఆంధ్రప్రదేశ్ హైకోర్టు తొలి ప్రధాన న్యాయమూర్తి. 1966లో దేశ ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. 1967 ఏప్రిల్ 11న ఆ పదవి వదిలి పోటీకి దిగారు. స్వతంత్ర పార్టీని 1959లో రాజాజీ స్థాపిస్తే, దానికి తొలి అధ్యక్షుడు నిడుబ్రోలుకు చెందిన ఎన్.జి. రంగా. ప్రభుత్వ నియంత్రణలు తగ్గాలి, ఆస్తి హక్కు నిలవాలి అన్నది ఆ పార్టీ వాదం.

అభ్యుదయవాదులు సుబ్బారావు మీద రెండు అభ్యంతరాలు చెప్పారు. ఒకటి, సర్వోన్నత న్యాయస్థానం పీఠం నుంచి నేరుగా రాజకీయ పోటీలోకి దిగడం ఆ పీఠానికి తగదన్నది. ఇది న్యాయమైన ప్రశ్న, ఈ రోజుకీ నిలిచే ప్రశ్న. రెండోది గోలక్‌నాథ్ తీర్పు. 1967 ఫిబ్రవరి 27న 11 మంది న్యాయమూర్తుల ధర్మాసనం 6-5 తేడాతో, ప్రాథమిక హక్కులను తగ్గించే అధికారం పార్లమెంటుకు లేదని చెప్పింది. తీర్పు ఇచ్చినవారిలో ముఖ్యులు సుబ్బారావు. దావా వేసింది పంజాబ్‌లోని జలంధర్‌కు చెందిన ఒక క్రైస్తవ కుటుంబం. భూపరిమితి చట్టం కింద భూమి పోతుందని కోర్టుకు వెళ్ళారు. ఆ తీర్పు భూస్వాములకు గొడుగు పట్టిందని అభ్యుదయవాదులు అన్నారు.

భూమిలేని కూలీ వైపు నుంచి చూస్తే ఆ కోపంలో న్యాయం ఉంది. మన సంఘాల్లో ఎక్కువమంది ఆ కూలీల పిల్లలే. కాని ఆ తీర్పులో రెండో వైపూ ఉంది. ఆస్తి హక్కును కాపాడిన ఆ గోడ వెనకే మత స్వేచ్ఛ నిచ్చే 25వ అధికరణం కూడా ఉంది. 1973లో కేశవానంద భారతి కేసులో సుప్రీంకోర్టు గోలక్‌నాథ్ తీర్పును పక్కన పెట్టింది. అయినా రాజ్యాంగ మౌలిక స్వరూపాన్ని మార్చే అధికారం పార్లమెంటుకు లేదంది. 1975లో ఎమర్జెన్సీ వచ్చాక, పార్లమెంటు అధికారానికి హద్దు ఉండాలన్న మాట విలువ చాలామంది అభ్యుదయవాదులకూ తెలిసింది.

ఓట్ల లెక్కలో జాకీర్ హుస్సేన్‌కు 4,71,244, సుబ్బారావుకు 3,63,971 వచ్చాయి. ఓడింది ఆయన వెనకున్న బలగం. ఆయన విద్వత్తు మీద ఎవరికీ సందేహం లేదు.

1969: ముగ్గురికీ తెలుగు బంధం

1969 మే 3న జాకీర్ హుస్సేన్ పదవిలో ఉండగానే చనిపోయారు. ఉపరాష్ట్రపతి వి.వి. గిరి తాత్కాలిక రాష్ట్రపతి అయ్యారు. జులైలో బెంగళూరులో కాంగ్రెస్ పార్లమెంటరీ బోర్డు కూర్చుంది. ప్రధాని ఇందిరా గాంధీ దళిత నాయకుడు జగ్జీవన్ రామ్ పేరు ముందుకు తెచ్చారు. ‘సిండికేట్’ అని పిలిచే పాత నాయకుల వర్గం లోక్‌సభ స్పీకర్ నీలం సంజీవరెడ్డి పేరు నెగ్గించుకుంది. గిరి పదవి వదిలి స్వతంత్రుడిగా నిలబడ్డారు. స్వతంత్ర పార్టీ, జనసంఘ్ సి.డి. దేశ్‌ముఖ్‌ను నిలబెట్టాయి.

సంజీవరెడ్డి అనంతపురం జిల్లా ఇల్లూరువారు, ఆంధ్రప్రదేశ్ తొలి ముఖ్యమంత్రి. గిరి బరంపురంలో పుట్టిన తెలుగువారు, రైల్వే కార్మికుల నాయకుడు. 1937లో బొబ్బిలిలో రాజావారినే ఓడించిన మనిషిగా ఉత్తరాంధ్రకు బాగా తెలుసు. దేశ్‌ముఖ్ మరాఠీ వారు, రిజర్వు బ్యాంకుకు తొలి భారతీయ గవర్నరు, నెహ్రూ మంత్రివర్గంలో ఆర్థికమంత్రి. ఆయన భార్య రాజమండ్రి ఆడపడుచు, ఆంధ్ర మహిళా సభ స్థాపకురాలు దుర్గాబాయి.

అభ్యుదయ పక్షం వాదన ఇలా సాగింది: దేశ్‌ముఖ్ సంపన్నుల పార్టీల మనిషి. సంజీవరెడ్డి సిండికేట్ చేతిలో పనిముట్టు, రాష్ట్రపతి అయితే ప్రధానిని దించడానికే ఆ పదవిని వాడతారు. 1964లో కర్నూలు బస్సు రూట్ల జాతీయకరణ కేసులో సుప్రీంకోర్టు చేసిన వ్యాఖ్యల తర్వాత ఆయన ముఖ్యమంత్రి పదవికి రాజీనామా చెయ్యడం కూడా మరుగున పడిన సంగతి కాదు. కాంగ్రెస్ అధ్యక్షుడు నిజలింగప్ప రెండో ప్రాధాన్య ఓట్ల కోసం జనసంఘ్, స్వతంత్ర నాయకులను కలవడంతో ఆ అనుమానం గట్టిపడింది.

ఇందిరా గాంధీ సభ్యులను ‘అంతరాత్మ ప్రబోధం’ ప్రకారం ఓటు వెయ్యమన్నారు. మంచి మాటే. మనస్సాక్షి అన్నది మనకు చిన్న మాట కాదు. కాని సంజీవరెడ్డి నామినేషన్ పత్రం మీద సంతకం చేసింది కూడా ఆవిడే. పత్రం మీద ఒక పేరు, అంతరాత్మలో ఇంకో పేరు ఉంటే, ఆ పిలుపులో మనస్సాక్షి ఎంత, రాజకీయం ఎంత అని అడిగే హక్కు చదువరికి ఉంది.

ఆగస్టు 16న ఓటింగ్, 20న లెక్కింపు. మొదటి ప్రాధాన్య ఓట్లలో గిరికి 4,01,515, సంజీవరెడ్డికి 3,13,548, దేశ్‌ముఖ్‌కు 1,12,769 వచ్చాయి. గెలవడానికి 4,18,169 కావాలి. ఎవరికీ రాలేదు. రెండో ప్రాధాన్యాలు కలిపాక గిరి 4,20,077, సంజీవరెడ్డి 4,05,427. తేడా 14,650. రాష్ట్రపతి ఎన్నికల్లో రెండో ప్రాధాన్యం దాకా వెళ్ళింది అదొక్కసారే.

‘బలహీనులు’ అన్న ఆ ఇద్దరికీ మొదటి లెక్కలో వచ్చిన ఓట్లు కలిపితే గిరి ఓట్ల కంటే ఎక్కువ. మితవాద ఓటు రెండుగా చీలింది. అభ్యర్థుల్లో లోపం కంటే పక్షంలో చీలికే వారిని ఎక్కువ దెబ్బతీసింది.

సంతకం లేని కరపత్రం

ఈ ఎన్నికలో మనం సిగ్గుపడవలసిన భాగం ఇంకొకటి ఉంది. సంజీవరెడ్డి వ్యక్తిగత జీవితం మీద నీచమైన రాతలతో, సంతకం లేని కరపత్రం ఒకటి ఓటర్లయిన సభ్యుల మధ్య తిరిగింది. ఎన్నిక చెల్లదని వేసిన దావాలో అదే ముఖ్యాంశమైంది. పదవిలో ఉన్న రాష్ట్రపతి గిరి స్వయంగా సాక్ష్యం చెప్పారు. 1970లో సుప్రీంకోర్టు దావాను కొట్టివేసింది. ఎన్నిక నిలిచింది. కరపత్రంలోని బురద పడిన మనిషికి మాత్రం ఏ కోర్టూ ఏమీ తిరిగి ఇవ్వలేదు.

విధానాన్ని విమర్శించడం ఒకటి, మనిషి పరువు తియ్యడం ఇంకొకటి. అప్పట్లో అచ్చు కాగితం కావాలి. ఇప్పుడు మన జేబులో ఫోన్ చాలు. సంఘం వాట్సాప్ గ్రూపులో అలాంటిది వచ్చినప్పుడు తొమ్మిదో ఆజ్ఞ గుర్తుకు రావాలి. ‘ఫార్వార్డ్ మాత్రమే చేశాను’ అన్నది ఆ ఆజ్ఞ ముందు నిలిచే జవాబు కాదు.

నిజంగా బలహీనమైన పోటీ

అభ్యర్థుల వరస నిజంగానే తేలిపోయిన సందర్భమూ ఉంది. 1967లో మొత్తం 17 మంది పోటీ చేస్తే 9 మందికి ఒక్క ఓటు కూడా రాలేదు. 1969లో 15 మందిలో 5 గురికి సున్నా. అందుకే 1974లో చట్టం మార్చారు. పది మంది ఓటర్లు ప్రతిపాదించాలి, పది మంది బలపరచాలి, 2,500 రూపాయలు డిపాజిట్ కట్టాలి అన్నారు. 1997లో వాటిని 50 మంది, 50 మంది, 15,000 రూపాయలు చేశారు. 1977లో 37 మంది నామినేషన్లు వేస్తే 36 మందివి తిరస్కరించారు. మిగిలిన ఒక్కరు నీలం సంజీవరెడ్డి.

తిరగబడిన తీర్పు

1969లో ఓడి, 1971లో లోక్‌సభకూ ఓడిన సంజీవరెడ్డి 1977లో నంద్యాల నుంచి గెలిచారు. ఆ ఏడాది ఆంధ్రప్రదేశ్‌లో 42 స్థానాల్లో 41 కాంగ్రెస్‌వే. జనతా పార్టీకి దక్కిన ఒక్కటీ ఆయనదే. 1977 జులై 25న రాష్ట్రపతిగా ప్రమాణం చేశారు, పోటీ లేకుండా. 1980 జనవరి 14న ఇందిరా గాంధీ మళ్ళీ ప్రధాని అయినప్పుడు ప్రమాణం చేయించింది ఆయనే. ప్రధానిని దించడానికే వస్తాడని చెప్పిన మనిషి ఆవిడను ఆసనం మీద కూర్చోబెట్టారు.

అలాగని ఆయన మీద విమర్శ అంతా అబద్ధమని చెప్పలేం. 1979 ఆగస్టులో చరణ్ సింగ్ రాజీనామా తర్వాత జగ్జీవన్ రామ్‌కు అవకాశం ఇవ్వకుండా లోక్‌సభను రద్దు చేశారు. ఒక దళితుడు ప్రధాని అయ్యే దారి ఆ సంతకంతో మూసుకుపోయిందన్న బాధ ఈనాటికీ ఉంది. పదేళ్ళ వ్యవధిలో రెండుసార్లు జగ్జీవన్ రామ్ పేరు పక్కకు పోయింది. ఆ రెండు చోట్లా అవతల ఉన్న పేరు సంజీవరెడ్డే. గిరి మీద కూడా, ఐదేళ్ళూ ప్రధాని మాట దాటలేదన్న విమర్శ వచ్చింది. గెలిచిన పక్షం మనిషి బలవంతుడనీ, ఓడిన పక్షం మనిషి బలహీనుడనీ చరిత్ర ఒప్పుకోలేదు.

ఈ మాట మళ్ళీ విన్నప్పుడు

“అవతల సరైన మనిషి లేడు” అని ఎవరైనా అంటే మూడు సంగతులు విడదీసి అడగండి. లోపం మనిషి నడవడిలోనా? వెనకున్న ఓట్ల లెక్కలోనా? లేక ఆయన విధానం మనకు నచ్చకపోవడమా? నడవడిలో అంటే సాక్ష్యం అడగాలి. లెక్కలో అంటే ఎన్నిక రోజు దాకా ఆగాలి. విధానంలో అంటే దాన్నే పేరు పెట్టి విమర్శించాలి, ఆ మనిషి తెలివిని గాని ఇంటిని గాని లాగకూడదు. సుబ్బారావు విషయంలో కోపం విధానం మీద, 1969లో భయం పక్షం మీద, కరపత్రంలో దాడి మనిషి మీద. మూడింటినీ కలిపి ‘బలహీనుడు’ అనే ఒక్క మాటలో చుట్టేస్తే మనకు నిజం దొరకదు.

ఈ కొలత మనకు నచ్చే అభ్యర్థికీ వర్తిస్తుంది. అది మరింత కష్టం. పులిపీఠం నుంచి మేము పేర్లు చెప్పం, చెప్పకూడదు కూడా. ఓటు మీది. కాని గేటు దగ్గర చెప్పులు వేసుకుంటూ ఒక మనిషి గురించి అనే మాట కూడా సాక్ష్యమే. అది నిజమని తెలిశాకే నోటికి రానిద్దాం.