టెలిఫోను, బ్యాంకు కార్డు, రహస్య సంఖ్య

బ్యాంకు ఉద్యోగినని టెలిఫోనులో చెప్పుకొని, కార్డు వివరములు రాబట్టి, ఖాతాలోని సొమ్మును కాజేయు మోసమును గూర్చి నేడు విననివారు అరుదు. బాగుగ చదువుకొనిన వారును దీనికి లోబడుచున్నారు. వారి తెలివితక్కువయే ఇందుకు కారణమనుట సులభము గాని సరికాదు. ఈ మోసము టెలిఫోను, బ్యాంకు కార్డు అను రెండు సాధనముల చరిత్ర నుండి పుట్టినది. ఆ చరిత్ర తెలిసినచో, మోసగాడు అడుగు ప్రతి ప్రశ్నకు వెనుకనున్న కారణము తెలియును.

అలెగ్జాండర్ గ్రాహం బెల్ 1876లో టెలిఫోనుకు పేటెంటు పొందెను. 1882లో కలకత్తా, బొంబాయి, మద్రాసు నగరములలో టెలిఫోను ఎక్స్‌చేంజీలు వెలసినవి. ఆ కాలమున ఆపరేటరు చేతితో తీగలు కలిపిన గాని మాట సాగెడిది కాదు. చిన్న పట్టణములలో పిలిచిన వారెవరో ఆపరేటరుకు తెలిసియే యుండెడిది. అమెరికాలో కాన్సస్ నగరమున అంత్యక్రియల వ్యాపారము చేయు ఆల్మన్ స్ట్రోజర్, ఆపరేటరు తన బేరములను పోటీదారునకు మళ్లించుచున్నదని అనుమానించి, మనిషి అవసరము లేని ఎక్స్‌చేంజిని కనిపెట్టెనని చెప్పుదురు. 1891లో ఆయనకు పేటెంటు లభించినది. మరుసటి సంవత్సరమే ఇండియానా రాష్ట్రమందలి లా పోర్ట్ పట్టణమున అది పనిచేయ నారంభించెను. దానితో ఆపరేటరుపై అనుమానము తీరినది; కాని పిలిచినవానిని ఎరిగిన మూడవ మనిషి కూడ తొలగిపోయెను.

ఆ లోటును తీర్చుటకా యన్నట్లు, తరువాతి కాలమున పిలిచిన నంబరు మన ఫోనుపై కనబడు ఏర్పాటు వచ్చినది. అయితే ఆ నంబరు పిలుపుతో పాటు పంపబడు సమాచారము మాత్రమే. కంప్యూటరు ద్వారా పిలుచువాడు అచ్చట వేరొక నంబరును చేర్చి పంపగలడు. కావున తెరపై బ్యాంకు నంబరు కనబడినంత మాత్రమున పిలిచినది బ్యాంకే యని నిశ్చయింపరాదు.

ఇక కార్డు సంగతి. 1950లో అమెరికాలో డైనర్స్ క్లబ్ కార్డు వెలువడినది. 1954లో ఐ.బి.ఎం. సంస్థకు చెందిన హాన్స్ పీటర్ లూన్ ఒక లెక్కకు పేటెంటు కోరెను. నేటి కార్డు నంబరులో చివరి అంకె ఆ లెక్క ననుసరించియే ఏర్పడును. కుడి నుండి ఎడమకు ఒకటి విడిచి ఒకటిగా అంకెలను రెట్టింపు చేయవలెను. రెట్టింపు 9కి మించినచో 9 తీసివేయవలెను. అన్నిటిని కూడినచో మొత్తము 10చే నిశ్శేషముగ భాగింపబడవలెను. ఉదాహరణకు 2758 తీసికొందము. 8 అట్లే యుండును, 5 రెట్టింపై 10, అందు 9 పోగా 1, 7 అట్లే, 2 రెట్టింపై 4. మొత్తము 20. పొరపాటున 2768 అని వ్రాసినచో మొత్తము 22 అగును, తప్పు బయటపడును. ఈ లెక్క చేతి పొరపాటును పట్టును గాని దొంగను పట్టదు.

కార్డుపై మొదటి ఆరు లేక ఎనిమిది అంకెలు కార్డు నిచ్చిన సంస్థను సూచించును. అవి వేలాది ఖాతాదారులకు ఒకటియే. “మీ కార్డు ఈ అంకెలతో మొదలగును గదా!” అని మోసగాడు చదివినచో, వానికి మన ఖాతా తెలియునని భ్రమపడరాదు.

రహస్య సంఖ్య తరువాత వచ్చినది. స్కాట్లండు ఇంజనీరు జేమ్స్ గుడ్‌ఫెలో 1966లో కార్డును, రహస్య సంఖ్యను కలిపి వాడు పద్ధతికి పేటెంటు కోరెను. 1967 జూన్ 27న లండను చెంత ఎన్‌ఫీల్డులో బార్‌క్లేస్ బ్యాంకు, జాన్ షెపర్డ్-బారన్ రూపొందించిన నగదు యంత్రమును నెలకొల్పినది. తాను ఆరంకెలు తలచినను, నాలుగు మాత్రమే గుర్తుండునని భార్య చెప్పుటచే నాలుగుకు తగ్గించితినని ఆయన తరువాత చెప్పెను. మన దేశమున మొదటి ఏ.టి.ఎం. 1987లో బొంబాయిలో వచ్చినది.

నాలుగంకెలతో 10,000 సంఖ్యలు ఏర్పడును. సాధారణముగ మూడుసార్లు తప్పినచో కార్డు పనిచేయదు. అనగా గ్రుడ్డిగా ప్రయత్నించు దొంగకు పదివేలలో మూడు పాళ్లు మాత్రమే అవకాశము. కార్డు వెనుకనున్న అయస్కాంత పట్టీని నకలు చేయు దొంగలు బయలుదేరగా, ప్రతి చెల్లింపునకు కొత్త సంకేతమును పుట్టించు చిప్పు కార్డులు వచ్చినవి. బ్రిటనులో 2006 ఫిబ్రవరి 14 నుండి దుకాణములలో చిప్పుతోపాటు రహస్య సంఖ్యను వాడుట నియమమైనది. కార్డు ఎదుట లేకుండ అంతర్జాలమున జరుగు చెల్లింపులకు, కార్డుపై కనబడని మరియొక ఆధారము కూడ ఉండవలెనని రిజర్వు బ్యాంకు 2009 ఆగస్టు నుండి నిర్బంధించినది. ఫోనుకు వచ్చు ఓ.టి.పి. అట్టి ఆధారమే. ఆరంకెల ఓ.టి.పి.ని ఊహించుటకు పది లక్షలలో ఒక పాలు అవకాశము.

ఇట్లు గణితమును, చిప్పును ఛేదించుట కష్టమైన కొలది, దొంగ సంఖ్య తెలిసిన మనిషి వైపునకు తిరిగెను. గత దశాబ్దమున ఝార్ఖండులోని జామ్‌తారా జిల్లా పేరు ఇట్టి కేసుల మూలముననే దేశమంతట వినబడినది. వాని పద్ధతి గమనింపుడు. “మీ కార్డు నిలిచిపోవును”, “ఎవరో మీ సొమ్ము తీయుచున్నారు” అని తొందరపెట్టును. ఆ తొందరకు కారణము కలదు. మనతో మాటలాడుచునే వాడు మన కార్డు నంబరును ఎచ్చటనో నమోదు చేయుచుండును, ఓ.టి.పి. కొద్ది నిమిషములే చెల్లును. అంతలో అది వానికి అందవలెను. “రద్దు చేయుటకు సంఖ్య చెప్పుడు” అనును. నిజమునకు ఆ సంఖ్య చెల్లింపునకు మన సమ్మతి. సందేశమును పూర్తిగా చదివినచో అందు మొత్తము, దుకాణము పేరు తరచుగా కనబడును.

బ్రిటనులో మరియొక ఎత్తు నడచినది. “అనుమానమున్నచో ఫోను పెట్టివేసి, మీ బ్యాంకునకే చేయుడు” అని మోసగాడే సలహా నిచ్చెడివాడు. అచ్చటి పాత ఎక్స్‌చేంజీలలో పిలిచినవాడు పెట్టివేయు వరకు లైను కొంతసేపు తెగెడిది కాదు. ఒక గదిలో పెట్టి మరియొక గదిలో ఎత్తుకొనువారి సౌకర్యమునకై ఆ ఏర్పాటు. దొంగ లైనును పట్టుకొని డయలు ధ్వనిని వినిపించెడివాడు. బాధితుడు బ్యాంకు నంబరు త్రిప్పి, మరల ఆ ముఠాతోనే మాటలాడెడివాడు. తరువాత అచ్చటి సంస్థలు ఆ వ్యవధిని కొన్ని సెకండ్లకు తగ్గించినవి.

కావున చేయవలసినవి కొన్నియే. పిన్, ఓ.టి.పి., కార్డు వెనుకనుండు మూడంకెల సంఖ్య — వీనిని ఎవరడిగినను చెప్పరాదు. ఫోనులో ఏదేని అప్లికేషను వేసికొనుమనినను వినరాదు. పిలుపును త్రెంచి, కొంతసేపు ఆగి, కార్డు వెనుక అచ్చువేసిన నంబరుకు మనమే చేయవలెను. వీలైనచో వేరొక ఫోను నుండి.

పొరపాటున చెప్పినచో సిగ్గుపడి దాచరాదు. రహస్య సంఖ్యను తానే చెప్పుటచే కలుగు నష్టము, బ్యాంకునకు తెలియజేయు వరకు ఖాతాదారునిదే యనియు, తెలిపిన పిమ్మట జరుగునది బ్యాంకు భరింపవలెననియు 2017 జూలై 6నాటి రిజర్వు బ్యాంకు ఆదేశము నిర్దేశించినది. అందుచే ప్రతి నిమిషము విలువైనది. మొదట బ్యాంకుచే కార్డును నిలిపివేయించి, వెంటనే 1930 నంబరుకు ఫిర్యాదు చేయవలెను.

ఉపాధ్యాయులు సంభావ్యతా పాఠము చెప్పునపుడు పై లెక్కలను విద్యార్థులచే చేయింపవచ్చును. అయితే ఇంటి కార్డును తరగతికి తెప్పింపరాదు; ఊహించిన సంఖ్యలు చాలును. ఆ సాయంత్రము విద్యార్థి ఇంటి పెద్దలకు ఆ లెక్కను చూపినచో, మరునాడు అట్టి పిలుపు వచ్చినపుడు వారికి అది జ్ఞాపకమునకు వచ్చును.