కన్నవారి హక్కు – పెంచినవారి బాధ్యత: నారాయణయ్య, అనీబెసెంట్ వ్యాజ్యం

ఉపోద్ఘాతం

కనడం, పెంచుకోవడం, దత్తత తీసుకోవడం అనే మూడింటినీ తెలుగు సమాజం వేర్వేరు బంధాలుగా గుర్తించింది. దత్తత శాస్త్రోక్తమైన సంస్కారం. అది జరిగిన తరువాత బిడ్డ జన్మకుటుంబాన్ని వదిలి మరొక కుటుంబానికి చెందుతాడు. పెంపకానికి అటువంటి శాశ్వతత్వం లేదు. మరి రక్తసంబంధం గాని, దత్తత గాని లేనివారికి, తండ్రి రాసి ఇచ్చిన పత్రం పిల్లలపై స్థిరమైన హక్కును ఇస్తుందా? 1912–14 మధ్య ఒక తెలుగు కుటుంబం విషయంలో ఈ ప్రశ్న మద్రాసు నుంచి లండన్ వరకూ వెళ్లింది. ఆ వ్యాజ్యంలో ఎవరు గెలిచారన్నదానికన్నా, బాలుర అభీష్టాన్ని అది చర్చకు తెచ్చిన తీరే ముఖ్యమని చూపడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఒప్పందం – వివాదం

మదనపల్లెలో 1895లో జన్మించిన జిడ్డు కృష్ణమూర్తి, అతని తమ్ముడు నిత్యానంద 1905లో తల్లి సంజీవమ్మను కోల్పోయారు. రెవిన్యూ శాఖలో పనిచేసి పదవీ విరమణ పొందిన తండ్రి నారాయణయ్య 1909 ఆరంభంలో పిల్లలతో అడయారు చేరి, దివ్యజ్ఞాన సమాజంలో పనిచేయసాగారు. ఆ ఏడాదే సి.డబ్ల్యు. లెడ్‌బీటర్ కృష్ణమూర్తిలో రాబోయే జగద్గురువు లక్షణాలున్నాయని ప్రకటించారు. 1910 మార్చిలో నారాయణయ్య ఇద్దరు కుమారుల సంరక్షకత్వాన్ని అనీబెసెంట్‌కు రాసి ఇచ్చారు. 1912 ఆరంభంలో ఆమె బాలురను ఇంగ్లండుకు తీసుకువెళ్లారు. లెడ్‌బీటర్ సాహచర్యంపైన, కుమారుడికి దైవత్వం ఆపాదించడంపైన అభ్యంతరం కలిగిన నారాయణయ్య తన పిల్లలను తనకు అప్పగించాలని అదే ఏడాది దావా వేశారు. చెంగల్పట్టు జిల్లా కోర్టులో మొదలైన ఈ వ్యాజ్యం మద్రాసు హైకోర్టుకు బదిలీ అయింది. బెసెంట్ స్వయంగా వాదించుకున్నారు. నారాయణయ్య పక్షాన సి.పి. రామస్వామి అయ్యర్ నిలిచారు.

తీర్పులు

1913 ఏప్రిల్‌లో న్యాయమూర్తి బేక్‌వెల్ లెడ్‌బీటర్‌పై మోపిన అత్యంత తీవ్రమైన ఆరోపణను అంగీకరించకపోయినా, బాలురను తండ్రికి అప్పగించాలని తీర్పు చెప్పారు. అప్పీలులోనూ తండ్రి పక్షమే నెగ్గింది. 1914 మేలో ప్రీవీ కౌన్సిల్ ఆ తీర్పులను రద్దు చేసింది. అయితే ఆ తీర్పు బెసెంట్ ఒప్పందానికి శాశ్వత విలువ కట్టలేదు. హిందూ ధర్మశాస్త్రం ప్రకారం గానీ ఇంగ్లండు చట్టం ప్రకారం గానీ తండ్రి సంరక్షకత్వం ఒక న్యాసం వంటిదనీ, దానిని ఇతరులకు అప్పగించినా తిరిగి ఉపసంహరించుకోవచ్చుననీ స్పష్టం చేసింది. తండ్రి ఓడిపోవడానికి కారణాలు వేరు. బాలురు చెంగల్పట్టు కోర్టు పరిధిలో నివసించడం లేదు. వ్యాజ్యంలో వారికి ప్రాతినిధ్యం లేదు. వారి క్షేమాన్ని, అభీష్టాన్ని తగినంతగా విచారించలేదు. అందువల్ల బాలురున్న ఇంగ్లండులోని హైకోర్టే ఈ విషయానికి తగిన వేదిక అని ప్రీవీ కౌన్సిల్ భావించింది.

ఈ తీర్పులోని మెలిక గమనింపదగినది. సూత్రం తండ్రి పక్షాన నిలిచింది. ఫలితం సంరక్షకురాలి పక్షాన నిలిచింది. అయినా మూల ప్రశ్న ‘పిల్లలు ఎవరి సొత్తు?’ అన్నచోటు నుంచి ‘పిల్లలకు ఏది మేలు, వారేమి కోరుతున్నారు?’ అన్నచోటికి జరిగింది. తరువాతి కాలంలో 1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టం మైనరు క్షేమాన్నే ప్రధాన పరిగణనగా నిలపడంలో ఇదే దృష్టి కనిపిస్తుంది.

ముగింపు

కన్నతండ్రి కోరినట్లు కృష్ణమూర్తి ఇంటికి తిరిగి రాలేదు. బాల్యంలో మాట్లాడిన తెలుగు క్రమంగా అతనికి దూరమైంది. పెంచినవారు ఆశించినట్లు జగద్గురువు స్థానాన్నీ అంగీకరించలేదు. తన కోసం నెలకొల్పిన ‘తూర్పు నక్షత్ర సంఘాన్ని’ 1929లో తానే రద్దు చేశారు. మద్రాసు కోర్టులో తగినంతగా వినిపించని బాలుడి అభీష్టం పదిహేనేళ్ల తరువాత అతని నోటనే వెలువడింది. ఈ వ్యాజ్యాన్ని ఇద్దరు పెద్దల మధ్య తగాదాగా మాత్రమే చదివితే, అందులో అసలు పక్షమైన బాలురను మనం కూడా విస్మరించినట్లవుతుంది.