పనిస్థలంలో మరుగుదొడ్డి: ఒక నిబంధన చరిత్ర

ఆనకట్టలు, వంతెనలు, రైలుమార్గాలు, ప్రభుత్వ భవనాలు ఎప్పుడు మొదలై ఎప్పుడు పూర్తయ్యాయో శిలాఫలకాల మీద ఉంటుంది. ఎన్ని ఘనపుటడుగుల రాయి పట్టిందో, ఎంత ఖర్చయిందో ఆఫీసు రికార్డులలో ఉంటుంది. వాటిని కట్టిన మనుషులు ఎక్కడ నిద్రపోయారు, ఏ నీళ్ళు తాగారు, కాలకృత్యాలకు ఎక్కడికి వెళ్ళారు అనే సంగతి మాత్రం ఎక్కడా కనబడదు. పి.డబ్ల్యు.డి.లోను, ఇరిగేషనులోను పనిచేసి రిటైరైన మనలాంటి వారికి ఇది బాగా తెలిసిన విషయమే అయినా, మాట్లాడుకోవడానికి మొహమాటపడే విషయం. ప్రత్యేక సంచికలో ఇలాంటి వ్యాసమేమిటని కొందరు మిత్రులు అనుకోవచ్చు. చివరిదాకా చదివిన తర్వాత అలా అనుకోరని నా నమ్మకం.

ఈ చరిత్ర కలరాతో మొదలవుతుంది. బొంబాయి నుంచి పూనా వైపు వెళ్ళే రైలుమార్గం కోసం పశ్చిమ కనుమలలోని భోర్ ఘాట్‌ను తొలిచే పని 1856లో ఆరంభమైంది. 1861 నాటికి అక్కడ 40,000కు పైగా కూలీలు ఉన్నారు. కొండమీద గుడిసెలు, వాటి పక్కనే మలవిసర్జన, అదే వాలులో కింద తాగునీరు. వేసవి వచ్చిందంటే కలరా గుడిసెలను వరసగా ఊడ్చుకుపోయేది. చచ్చినవారి సంఖ్య వేలల్లో ఉంది. రోగభయంతో ముఠాలకు ముఠాలే పని వదిలి పారిపోయేవి. 1859లో కాంట్రాక్టు తీసుకున్న సాలమన్ ట్రెడ్‌వెల్ ఇంగ్లండు నుంచి వచ్చిన కొద్ది రోజులకే జబ్బుపడి మరణించగా, ఆయన భార్య ఆలిస్ ఆ కాంట్రాక్టును కొనసాగించింది. 1863లో ఘాట్ మార్గం ప్రారంభమైంది. దొరకైనా కూలీకైనా రోగం ఒకే దారిన వస్తుందన్న పాఠం అక్కడ అందరికీ తెలిసివచ్చింది.

కలరా గాలి ద్వారా కాక నీటి ద్వారా వ్యాపిస్తుందని లండన్‌లో జాన్ స్నో 1854లోనే చూపించారు. రాబర్ట్ కాఖ్ 1884లో కలకత్తాలో పరిశోధన సాగించి, ఆ క్రిమిని నిర్ధారించారు. దీనితో పాయిఖానా ఎక్కడ ఉండాలి, బావి ఎక్కడ ఉండాలి అన్నది శుభ్రతకు సంబంధించిన ముచ్చటగా కాక ప్రాణాలకు సంబంధించిన లెక్కగా మారింది. మన టెండరు పత్రాలలో కనబడే ‘తాగునీటికి, పాయిఖానాకు మధ్య 50 అడుగుల దూరం’ వంటి షరతు వెనుక ఇంత కథ ఉంది.

1929లో నియమించబడిన విట్లే కమిషన్ 1931లో ఇచ్చిన నివేదికలో కార్మికుల ఆరోగ్యం, నివాసం గురించి విస్తారంగా చర్చించింది. స్వాతంత్ర్యం తర్వాత 1948 ఫ్యాక్టరీల చట్టం 19వ సెక్షను ఫ్యాక్టరీలలో పాయిఖానాలు తప్పనిసరి చేసింది. అయితే ఫ్యాక్టరీకి గోడలుంటాయి, గేటు ఉంటుంది, ఇన్‌స్పెక్టరు వచ్చి చూడగలడు. కాలువ పని నేడు ఒక మైలులో, రేపు ఇంకో మైలులో ఉంటుంది. అందువల్ల కట్టడపు పనివారికి చాలాకాలం దిక్కుగా నిలిచింది చట్టం కాదు, టెండరు షరతులే.

ఆ షరతులు మనవాళ్ళందరికీ పరిచితమే. కేంద్ర పి.డబ్ల్యు.డి. నమూనా నిబంధనల ప్రకారం ప్రతి 25 మందికి ఒక పాయిఖానా ఉండాలి. 100 మంది దాటితే ఆ పైన ప్రతి 50 మందికి ఒకటి చొప్పున చాలు. ఆంధ్ర టెండరు పత్రాలలో లెక్క వేరు: 50 మంది వరకు 2 సీట్లు, 100 మంది వరకు 3 సీట్లు, ఆ తర్వాత ప్రతి వందకు మరో 3 సీట్లు. 500 మంది మగ కూలీలున్న పనికి కేంద్రం లెక్కన 12, మన లెక్కన 15 వస్తాయి. కాగితం మీద మనదే ఉదారమైన నిబంధన! ఆడకూలీలుంటే వారికి వేరుగా, మరుగుతో, అదే లెక్కన కట్టాలి. చదువురాని వారి కోసం ఆడ, మగ బొమ్మలు గీసిన బోర్డులు పెట్టాలని కూడా కేంద్ర నిబంధనలలో ఉంది. కాంట్రాక్టరు చేయకపోతే డిపార్టుమెంటే చేసి ఆ ఖర్చును అతని బిల్లులో కోయవచ్చు.

ఇంత వివరంగా రాసినవారికి పనిస్థలం సంగతి తెలియదని అనలేము. మరి లోపం ఎక్కడ? ఇటుకకు, సిమెంటుకు, మట్టిపనికి ఎం.బుక్కులో కొలత ఉంది. పాయిఖానా మాత్రం ‘కాంట్రాక్టరు తన సొంత ఖర్చుతో’ అన్న మాట కింద పోయింది. కొలతలేని పనికి బిల్లు లేదు, బిల్లు లేని పని జరగదు. నేను పనిచేసిన ఒక కాలువ పనిలో, పైఅధికారి తనిఖీకి ముందురోజు నాలుగు కర్రలు పాతి గోనెపట్టాలు కట్టేవారు. లోపల గొయ్యి కూడా ఉండేది కాదు. జీపు వెళ్ళిపోగానే ఆ పట్టాలు సిమెంటు గోడౌనుకు తిరిగి చేరేవి.

దీని భారం మోసింది ఆడకూలీలు. మగవాడు గట్టు దాటి వెళ్ళివస్తాడు. ఆడమనిషి చీకటి పడేదాకా ఆగాలి. ఆగడం కోసం మండుటెండలో మట్టితట్టలు మోస్తూ కూడా నీళ్ళు తాగడం మానేసేవారు. మూత్రంలో మంట, జ్వరం, నడుమునొప్పి వారికి మామూలైపోయాయి. చెప్పుల్లేని కాళ్ళతో మలంతో పాడైన నేల మీద తిరగడం వల్ల కొంకిపురుగులు పాదాల గుండా ఒంట్లో చేరి రక్తహీనత వచ్చేది. పాలమూరు నుంచి వలసవెళ్ళి దేశంలో ఎన్నో ప్రాజెక్టులకు మట్టి మోసిన ముఠాలలో ఆలుమగలు కలిసే పనికి వెళ్ళేవారు. నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగింది. 1967 ఆగస్టు 4న కాలువలకు నీరు వదిలారు. ఆ పన్నెండేళ్ళలో రాయి మోసిన చేతులలో ఆడవారి చేతులు ఎన్నో ఉన్నాయి.

అందరూ ఒకే తీరుగా ఉండలేదని కూడా చెప్పాలి. నాకు తెలిసిన ఒక ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు గారు ఆ షరతును అక్షరాలా అమలుచేసి, గోతులు తవ్వించి, తడికలు కట్టించి, ఖర్చును కాంట్రాక్టరు బిల్లులో కోశారు. ఆ వేసవిలో ముఠాలు పని మధ్యలో ఊళ్ళకు వెళ్ళిపోలేదు. లాభపడింది చివరకు కాంట్రాక్టరే.

చట్టం ఆలస్యంగా వచ్చింది. 1970 కాంట్రాక్టు లేబర్ చట్టం తాగునీరు, పాయిఖానాలు, కడుక్కునే వసతి కాంట్రాక్టరు బాధ్యత అంటూనే, అతడు చేయకపోతే అసలు యజమాని చేయాలన్నది. ఢిల్లీలో 1982 ఆసియా క్రీడల కట్టడాల కూలీల దుస్థితిపై వచ్చిన కేసులో అదే ఏడాది సుప్రీంకోర్టు, కాంట్రాక్టరుకు అప్పగించామని చెప్పి ప్రభుత్వం చేతులు దులుపుకోలేదని తీర్పు చెప్పింది. 1985 నుంచి జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ వంటి పెద్దల అండతో నడిచిన ఆందోళన ఫలితంగా 1996లో భవన నిర్మాణ కార్మికుల చట్టం వచ్చింది. పదిమంది లేక అంతకు మించి ఉన్న ప్రతి పనిస్థలానికి అది వర్తించింది. దాని 33వ సెక్షను మరుగుదొడ్లు కార్మికులకు అన్నివేళలా అందుబాటులో ఉండాలన్నది. 1998 కేంద్ర నియమాలు వెలుతురు, నీళ్ళు, నాలుగు నెలలకొకసారి సున్నం కూడా చెప్పాయి. 2020లో పార్లమెంటు ఈ చట్టాలన్నిటినీ వృత్తి భద్రత, ఆరోగ్య స్మృతిలో కలిపింది. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన ఆ స్మృతి స్త్రీలకు, పురుషులకు, ట్రాన్స్‌జెండర్లకు వేర్వేరుగా వసతి ఉండాలంటుంది.

ఇంకొక ముఖ్యమైన మాట. పాత నిబంధనలలో గోతులు, డబ్బాలు, మలాన్ని మట్టితో కప్పే పద్ధతి అన్నీ వివరంగా ఉన్నాయి. ఆ పని ఎవరిచేత చేయించేవారో మనకందరికీ తెలుసు. 1993లో వచ్చిన చట్టం, 2013లో వచ్చిన మరింత గట్టి చట్టం మనిషి మలాన్ని మనిషిచేత ఎత్తించడాన్ని నిషేధించాయి. ఇప్పుడు పెద్ద పనుల దగ్గర కనబడే ప్లాస్టిక్, ఫైబరు గదుల మొబైల్ టాయిలెట్లను లారీమీద తెచ్చి దించవచ్చు, పని జరిగినచోటికల్లా జరపవచ్చు. కాలువ పనికి ఏనాడో కావలసిన సాధనమిది. కాని దాని అడుగున ఉన్న ట్యాంకును యంత్రంతో తోడి, శుద్ధికేంద్రానికి చేర్చకపోతే, పాత కష్టాన్ని కొత్త డబ్బాలో పెట్టినట్టే అవుతుంది. గది తెచ్చి దించినందుకు కాక, రోజూ శుభ్రంగా ఉన్నందుకు డబ్బు చెల్లించే ఐటెమ్ ఎస్టిమేటులో ఉండాలి. అది లేనంతకాలం నిబంధన గోనెపట్టాగానే మిగులుతుంది.

మనం సర్వీసులో లేము, బిల్లులు కోయలేము. కాని మనలో చాలామంది పి.ఎఫ్., గ్రాట్యుటీ డబ్బులతో ఇళ్ళు కట్టుకున్నాం. ఇప్పుడు మన పిల్లలు కట్టుకుంటున్నారు. ఇంటిపని మొదలుపెట్టేటప్పుడు నీళ్ళకు బోరు, సిమెంటుకు షెడ్డు, వాచ్‌మనుకు గుడిసె ముందే చూసుకుంటాం. ఆ జాబితాలో పనివారికి, ముఖ్యంగా ఆడవారికి, తలుపూ గడియా ఉన్న ఒక మరుగుదొడ్డిని మొదటి ఐటెమ్‌గా రాయించండి. అపార్టుమెంటు కొనడానికి వెళ్ళినప్పుడు నమూనా ఫ్లాటుతోపాటు కూలీల పాయిఖానా ఎక్కడుందో కూడా చూపించమని బిల్డరును అడగండి. అనుభవం ఉన్న పెద్దవాళ్ళు అడిగితే కాదనడం ఎవరికైనా కష్టమే.