వాలిన కనురెప్ప: కత్తియా, మందా?

కన్ను తెరచుట ఒక శ్రమ అని మనకు తోచనే తోచదు. కాని పై రెప్పను ఎత్తి నిలుపుటకు రెండు కండరములు పగలంతయు పనిచేయుచుండవలెను. మొదటిది మన ఇచ్ఛకు లోబడినది. దానికి ఆజ్ఞ మెదడునుండి మూడవ కపాలనాడి ద్వారా వచ్చును. రెండవది చాల చిన్నది, మన ఇచ్ఛతో నిమిత్తము లేనిది. దీనిని 1858లో హైన్రిక్ మ్యూలర్ అను జర్మను శాస్త్రజ్ఞుడు వర్ణించెను. ఇది రెప్పను సుమారు రెండు మిల్లీమీటర్లు మాత్రమే ఎత్తును. ఈ కండరములు గాని, వాని నాడులు గాని చెడినచో రెప్ప వాలిపోవును. కనుబొమ జారి, చర్మము రెప్పపై వ్రేలాడినను చూచువారికి అట్లే కనిపించును. రూపము ఒకటే, కారణములు వేరు. ఈ భేదము తేటపడుటకు వైద్యశాస్త్రమునకు ఎన్నో శతాబ్దములు పట్టినది.

సుశ్రుతసంహిత ఉత్తరతంత్రములో కనురెప్పల వ్యాధులు పెక్కు వర్ణింపబడినవి. లోనికి తిరిగి కంటిని గ్రుచ్చు వెండ్రుకల బాధకు, రెప్పచర్మములో యవగింజ ఆకారము గల ముక్కను కోసి తీసి, వెండ్రుకతో కుట్టవలెనని అందు చెప్పబడినది. కాని చేష్ట కోల్పోయిన రెప్పను, అనగా 'వాతహతవర్త్మము'ను, అసాధ్యవ్యాధులలో చేర్చిరి. కోత తెలిసిన శాస్త్రమే కోతకు లొంగని రెప్ప కలదని ఒప్పుకొనుట గమనింపదగినది.

పదవ శతాబ్దమున స్పెయిను దేశపు వైద్యుడు అల్ జహ్రావీ, అర్ధచంద్రాకారపు ఇనుమును కాల్చి, వాలిన రెప్పకు వాత పెట్టుట నేర్పెను. కాలినచోట మచ్చ ముడుచుకొని రెప్పను కొంత లాగును. ఇది చర్మమును కుదించుటయే గాని కండరమును బాగుచేయుట కాదు.

పందొమ్మిదవ శతాబ్దమున మత్తుమందులు, క్రిమినిరోధక పద్ధతులు వచ్చిన పిదప శస్త్రవైద్యులకు ధైర్యము కలిగెను. 1883లో ఎవర్స్‌బుష్ అను జర్మను వైద్యుడు చర్మముతో సరిపెట్టుకొనక, రెప్పనెత్తు కండరమునే కుదించు విధానమును ప్రకటించెను. ఆ కండరము బొత్తిగా పనిచేయనివారికి ఇది చాలదు. అట్టివారు నుదురు ముడిచి, బొమలెత్తి చూచుట పరిపాటి. ఆ నుదుటికండరమునే సాధనముగా గైకొని, 1956లో టొరంటో వైద్యుడు క్రాఫర్డ్, తొడనుండి తీసిన గట్టిపొర పట్టీలతో రెప్పను దానికి కట్టు పద్ధతిని వివరించెను. పుట్టుకతో రెప్ప వాలిన పిల్లలకు ఇది మేలు చేసినది. కనుపాపను కప్పిన రెప్పను బాల్యములోనే సరిచేయనిచో ఆ కంటిచూపు పూర్తిగా వికసింపదు.

ఇక కత్తి అక్కరలేని రెప్ప సంగతి. మయస్థీనియా గ్రావిస్ అను వ్యాధిలో ఉదయము తెరచియున్న రెప్ప సాయంకాలమునకు వాలిపోవును. 1934లో లండనునందలి గ్రీనిచ్‌లో, సెయింట్ ఆల్ఫెజ్ ఆసుపత్రి వైద్యురాలు మేరీ వాకర్, ఈ వ్యాధికిని క్యూరారె అను బాణవిషమునకును గల పోలికను ఆలోచించెను. ఆ విషమునకు విరుగుడు ఫైసాస్టిగ్మిన్. ఆ మందును రోగికి సూదితో ఎక్కింపగా కొలదిసేపటిలో రెప్ప పైకి లేచెను. కొన్ని గంటలకు మరల వాలెను. అయినను లోపము కండరములో గాక, నాడి కండరమును కలియుచోట ఉన్నదనుటకు ఆ రెప్పయే సాక్ష్యము పలికెను.

విషమే మందైన కథ మరియొకటి కలదు. 1820 ప్రాంతమున జర్మనీలో యుస్టినస్ కెర్నర్, చెడిన సాసేజి తిన్నవారి రెప్పలు వాలుటను వర్ణించెను. ఆ బొట్యులినం విషమునే సూక్ష్మమాత్రలో, మెల్లకంటికిని రెప్పలు బిగుసుకొను వ్యాధికిని మందుగా 1989లో అమెరికా ప్రభుత్వము అనుమతించెను. కనుబొమను క్రిందికి లాగు కండరములను దీనితో సడలించినచో బొమ కొంచెము పైకి లేచును. ఫలితము కొన్ని నెలలే. మందు ప్రక్కకు ప్రాకినచో రెప్పయే కొంతకాలము వాలును. 2020లో అచటనే ఆక్సీమెటజొలిన్ కంటిచుక్కలు అనుమతి పొందినవి. ఇవి మ్యూలర్ కండరమును బిగించి రెప్పను సుమారు ఒక మిల్లీమీటరు ఎత్తును. వీని ప్రభావము గంటలలోనే ముగియును.

కావున కత్తి గొప్పదా, మందు గొప్పదా అను ప్రశ్నకు ముందు, ఏది చెడినది అను ప్రశ్న రావలెను. వార్ధక్యమున సాగిన స్నాయువునకు కుట్టు. నాడిసంధి లోపమునకు మందు. హఠాత్తుగా రెప్ప వాలి, వస్తువులు రెండుగా కనబడుచు, తీవ్రమైన తలనొప్పి తోడైనచో, అది మెదడులోని రక్తనాళము ఉబ్బుటకు గుర్తు కావచ్చును. అప్పుడు రెప్ప మాట విడిచి తక్షణమే ఆసుపత్రికి పోవలెను.

తరగతిలో ఒక బాలుడు గడ్డమెత్తి, నుదురు ముడిచి నల్లబల్లను చూచుచున్నచో, అది వట్టి అలవాటని ఉపాధ్యాయుడు త్రోసివేయరాదు. రెప్ప క్రింద దాగిన చూపునకు గడువు కలదు.