నా థండర్‌బర్డ్, మా నాయన, బొడ్రాయి (మన బండ్ల చరిత్ర – 6)



పోయిన భాగంలో సైకిల్ గురించి రాశాను. మన నాయనలు ఊళ్ళోకి రాగానే సైకిల్ దిగి, చేత్తో నడిపించుకుంటూ పోయి, ఊరు దాటాక మళ్ళీ ఎక్కిన సంగతి. అది చదివి హాస్టల్ నుంచి ఒక తమ్ముడు ఫోన్ చేశాడు. "అన్నా, అవన్నీ పాత రోజులు. నువ్వే థండర్‌బర్డ్ మీద తిరుగుతున్నావు గదా. పదకొండేళ్ళుగా వాడుతున్నావు, దాని సంగతి రాయి. నేనూ సెకండ్‌హ్యాండ్‌లో ఒకటి చూస్తున్నా" అన్నాడు. సరే తమ్ముడూ, రాస్తాను. కానీ నా బండి కథలో నుంచి ఆ పాత రోజుల్ని తీసెయ్యడం నా వల్ల కాదు.

ముందు ఈ బండి జాతకం. రాయల్ ఎన్‌ఫీల్డ్ ఇంగ్లండులో పుట్టింది. మన సైన్యం సరిహద్దుల్లో తిరగడానికి బుల్లెట్లు కావాలంటే 1955లో మద్రాసులో ఫ్యాక్టరీ పెట్టారు. సైన్యం తర్వాత పోలీసులు. పోలీసుల తర్వాత మా ప్రకాశం జిల్లా పల్లెల్లో కామందుల కొడుకులు. నా చిన్నప్పుడు ఆ డగ్ డగ్ చప్పుడు దూరం నుంచి వినపడితే చాలు, మా మాదిగపల్లెలో నులక మంచాల మీద కూర్చున్నవాళ్ళు లేచి నిలబడేవాళ్ళు. వచ్చేది ఎస్సై అన్నా కావాలి, కామందు కొడుకన్నా కావాలి. ఇద్దరిలో ఎవరొచ్చినా మనకు పని పడినట్టే. బండి కనపడకముందే చప్పుడుకు లేచి నిలబడటం! దీన్ని ఏ మోటార్ సైకిల్ పత్రికా రాయదు.

థండర్‌బర్డ్ 2002లో వచ్చింది. 2012లో దాన్ని బాగా మార్చారు. 20 లీటర్ల ట్యాంకు, ముందూ వెనకా డిస్క్ బ్రేకులు, వెనక కూర్చున్నవాళ్ళకు వీపు ఆనించుకునే దిండు. 346 సీసీ ఇంజను. 2020లో దాన్ని ఆపేసి మీటియర్ తెచ్చారు. నేను కొన్నది 2014లో. అప్పుడు కాంట్రాక్ట్ లెక్చరర్ని, అప్పు చేసి కొన్నాను. బుల్లెట్ ఎందుకు కొనలేదని అందరూ అడిగారు. నేను నెలలో సగం రోజులు ఊళ్ళు తిరిగేవాణ్ణి. ఎత్తు హ్యాండిలు, కాళ్ళు ముందుకు చాపుకోవడం, తక్కువ ఎత్తు సీటు, ఒక్కసారి ట్యాంకు నింపితే ఆరు వందల కిలోమీటర్ల దాకా పోవడం. నాకు కావాల్సింది అవి. నిజం చెప్పాలంటే ఆ చప్పుడు కూడా కావాలి.

షోరూం నుంచి నేరుగా ఇంటికెళ్ళి నాయనను ఎక్కించుకున్నాను. ఊరంతా ఒక చుట్టు తిప్పుదామని. దిండుకు ఆనుకుని పెళ్ళికొడుకులా కూర్చున్నాడు. బొడ్రాయి దగ్గరికి వస్తుండగా నా భుజం మీద తట్టాడు. ఏమో అనుకుని ఆపాను. దిగి, చెప్పులు చేతిలో పట్టుకుని, రచ్చబండ దాటేదాకా నడిచి, అవతల నిలబడ్డాడు. రచ్చబండ మీద ఎవరూ ఒక్క మాట అనలేదు. నలుగురు ముసలాళ్ళు పేకాడుకుంటున్నారు, తలెత్తి కూడా చూడలేదు. ఆ రాత్రి నాయన మీద చాలా అరిచాను. "నీకు తెలవదులే అబ్బయ్యా" అని పడుకున్నాడు.

నాకు నిజంగానే తెలియలేదు. తర్వాత చదువుకున్నాను.

కేరళలో అయ్యంకాళి 1893లో రెండు ఎడ్లు కొని, విల్లుబండి కట్టించి, తలపాగా చుట్టుకుని, మనవాళ్ళకు నిషేధమైన దారి మీద తోలుకుపోయాడు. దాడి చేస్తే ఎదురు నిలబడ్డాడు. బండి ఎక్కడమే ఉద్యమం.

1901. పదేళ్ళ భీమ్‌రావు అన్నతో, అక్క పిల్లలతో కలిసి కోరెగావ్‌లో ఉన్న తండ్రి దగ్గరికి బయల్దేరాడు. మసూర్ స్టేషన్లో దిగితే, మహర్ పిల్లలని తెలిశాక ఏ బండివాడూ ఎక్కించుకోలేదు. చివరికి కుదిరిన బేరం చూడండి: రెట్టింపు కిరాయి ఇవ్వాలి, బండి పిల్లలే తోలుకోవాలి, బండివాడు పక్కన నడిచి వస్తాడు.

1929. అదే పిల్లవాడు బారిస్టరై, అంటరానివారి బాధలు విచారించే ప్రభుత్వ కమిటీ సభ్యుడిగా చాలిస్‌గావ్‌లో దిగాడు. టాంగావాళ్ళు తోలమన్నారు. అతిథిని నడిపించడం ఇష్టం లేక మహర్లు టాంగా కిరాయికి తీసుకుని తమలో ఒకణ్ణి తోలమన్నారు. అతనికి అలవాటు లేదు. కల్వర్టు మీద చక్రం ఇరుక్కుని బాబాసాహెబ్ రాళ్ళ మీద పడ్డాడు. కాలు విరిగింది. గుర్రం, టాంగా ఏట్లో పడ్డాయి. ఇవన్నీ ఆయన 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'లో రాశాడు, విద్యార్థులు తప్పక చదవాలి. బారిస్టరు చదువు కన్నా టాంగా తోలేవాడి కులం పెద్దదైన రోజది. నాకు మాత్రం ఆ పేరు లేని మహర్ డ్రైవరే ఎక్కువ గుర్తొస్తాడు. బండి తోలడం అతనికి ఎవరు నేర్పనిచ్చారు?

ఇక చట్టం. 1989 అట్రాసిటీ చట్టాన్ని 2015లో సవరించారు, 2016 జనవరి 26 నుంచి అమల్లోకి వచ్చింది. సెక్షన్ 3(1)(జెడ్ఏ)(బి) తీసి చూడండి. బహిరంగ స్థలాల్లో మనం సైకిల్ గానీ మోటార్ సైకిల్ గానీ ఎక్కకుండా, చెప్పులు, కొత్త బట్టలు వేసుకోకుండా అడ్డుకోవడం నేరం. ఆరు నెలల నుంచి ఐదేళ్ళ దాకా జైలు. మోటార్ సైకిల్ అన్న మాట స్పష్టంగా ఉంది. నాయనకు చదివి వినిపించాను. "బండి పేరు కూడా రాశారా?" అన్నాడు. కాసేపాగి, "అయితే ఒక్క మనూళ్ళోనే కాదన్నమాట" అన్నాడు. నేను చట్టం వచ్చిందని సంతోషపడుతుంటే, ఆయన అది ఎందుకు రాయాల్సి వచ్చిందో చూశాడు.

పాత రోజులన్న తమ్ముడికి ఒక్క మాట. 2025 ఫిబ్రవరిలో తమిళనాడు శివగంగ జిల్లాలో బుల్లెట్ మీద ఇంటికి వస్తున్న మన విద్యార్థి చేతుల మీద కత్తులతో దాడి చేశారు. ఆ బండి నడపడమే వాళ్ళ కోపానికి కారణమని కుటుంబం చెప్పింది.

సరే, నువ్వడిగిన లెక్క. మీటరు లక్షా పన్నెండు వేలు చూపిస్తోంది. చైన్ సెట్లు ఐదు మార్చాను. క్లచ్ ప్లేట్లు రెండుసార్లు. వానాకాలం చైన్‌కు నూనె వెయ్యకుండా తిప్పి ఒక సెట్టు పదిహేను వేలకే పోగొట్టుకున్నాను, అది నా బద్ధకం. హైవే మీద ఎనభైలో హాయిగా పోతుంది, తొంభై దాటిస్తే అద్దాల్లో వెనక బండ్లు వణుకుతాయి. దాదాపు 190 కిలోలు, బురదలో ఒక్కడివే లేపలేవు. కరపత్రాలు, కేసు కాగితాలు పెట్టుకోవడానికి రెక్సిన్ సంచులు కొంటే రెండేళ్ళలో చిరిగిపోయాయి. అప్పుడు మా చిన్నాయన బర్రెతోలుతో రెండు సంచులు కుట్టిచ్చాడు. ఆయన చేతి చివరి పని అది. తొమ్మిదేళ్ళయింది, ఒక్క కుట్టు ఊడలేదు.

నాయనకు మోకాళ్ళు పోయాక ఒంగోలు ఆసుపత్రికి ఈ బండి మీదే తిప్పాను. సీటు ఎత్తు తక్కువ కాబట్టి ఎక్కగలిగేవాడు, దిండు ఉంది కాబట్టి కూర్చోగలిగేవాడు. అయినా ప్రతిసారీ బొడ్రాయి ముందు భుజం తట్టేవాడు. దిగడానికి ఐదు నిమిషాలు, ఎక్కడానికి ఐదు నిమిషాలు. నేను అరవడం మానేశాను. 2019లో ఒక తెల్లవారుజామున ఆసుపత్రి నుంచి వస్తున్నాం. రచ్చబండ వచ్చింది. భుజం మీద చెయ్యి ఉంది, తట్టలేదు. నేను ఆపలేదు. నిద్రపోయాడో, కావాలనే కూర్చున్నాడో నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. 2021లో పోయాడు.

తమ్ముడూ, సెకండ్‌హ్యాండ్ బండి చూసేటప్పుడు చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేయించు. ముందు ఫోర్కుల దగ్గర ఆయిల్ తడి చూడు. అన్నిటికన్నా ముందు ఆర్‌సీ, ఇన్సూరెన్స్, నీ లైసెన్స్ సరిగా ఉంచుకో. ఫిర్యాదు చెయ్యడానికి పోతే ముందు మన కాగితాలే అడుగుతారు. నా ఆర్‌సీకి 2029లో పదిహేనేళ్ళు నిండుతాయి. రెన్యువల్ చేయిస్తాను. అమ్ముతావా అని మాత్రం అడగొద్దు.