రిచ్‌మండ్ ప్రోగ్రెసివ్ అలయన్స్

అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం, రిచ్‌మండ్ నగరంలో 2000ల తొలినాళ్లలో పుట్టిన స్థానిక రాజకీయ కూటమి. ఇది పార్టీ కాదు. అక్కడ నగర ఎన్నికలు పార్టీ గుర్తులు లేకుండా జరుగుతాయి కనుక డెమొక్రాట్లు, గ్రీన్ పార్టీవారు, ఏ పార్టీకీ చెందనివారు ఇందులో కలిసి పనిచేశారు. షెవ్రాన్ చమురు శుద్ధి కర్మాగారం ఉన్న ఊరిలో, కంపెనీల నుంచి విరాళాలు తీసుకోకూడదని అభ్యర్థులకు నియమం పెట్టడం చిన్న తెగింపేమీ కాదు. కూటమి నాయకురాలు గెయిల్ మెక్‌లాఫ్లిన్ 2004లో కౌన్సిల్‌కు, 2006లో మేయర్‌గా ఎన్నికయ్యారు.

2012 ఆగస్టులో కర్మాగారంలో మంటలు చెలరేగి, దాదాపు 15,000 మంది ఆసుపత్రులకు పరుగెత్తారు. నగరం కంపెనీపై దావా వేసింది. 2014 నగర ఎన్నికల్లో కూటమి అభ్యర్థులను ఓడించేందుకు షెవ్రాన్ సుమారు 30 లక్షల డాలర్లు గుమ్మరించింది. హోర్డింగులు, కరపత్రాలు, టీవీ ప్రకటనలు ఊరంతా కమ్మేశాయి. కూటమి కార్యకర్తలు గడప గడపకూ తిరిగారు. మెక్‌లాఫ్లిన్, జొవాంకా బెకల్స్, ఎడ్వార్డో మార్టినెజ్ ముగ్గురూ కౌన్సిల్‌కు గెలిచారు.

అన్నీ విజయాలే కావు: తీపి పానీయాలపై పన్ను ప్రతిపాదనను 2012లో ఓటర్లే తిప్పికొట్టారు. ఇంటి అద్దెల నియంత్రణ మాత్రం 2016లో ప్రజా ఓటుతో చట్టమైంది. మార్టినెజ్ 2022లో మేయర్‌గా ఎన్నికయ్యారు. 2024లో శుద్ధి కర్మాగారంపై కొత్త పన్ను ఓటింగుకు రాబోతుండగా, పదేళ్లలో 55 కోట్ల డాలర్లు చెల్లించేందుకు షెవ్రాన్ నగరంతో ఒప్పందం చేసుకుంది.